‘వలె’ అను మాట: రవీంద్ర – ఐన్‌స్టీన్ సంవాద పరిశీలన

రవీంద్రనాథ ఠాకూరుకు, ఆల్బర్ట్ ఐన్‌స్టీనుకు మధ్య 1930 జూలై 14వ తేదీన జరిగిన సంవాదం భారతీయ రచయితలకు చిరపరిచితమైనది. బెర్లిన్ నగర సమీపాన కాపుత్ గ్రామంలోని ఐన్‌స్టీన్ ఇంట ఇద్దరూ కూర్చుండి, సత్యం మానవునిపై ఆధారపడి ఉన్నదా, మానవుడు లేకున్నను అది ఉండునా అను విషయం చర్చించినారు. కవిని అభిమానించువారు ఇందులో తూర్పుదేశపు తత్త్వానికి విజయం చూచినారు. శాస్త్రాన్ని అభిమానించువారు కవి తప్పించుకొని పోయినాడని తలచినారు. ముగిసిన వ్యాజ్యాన్ని చూచినట్లు దీనిని చూచుట ఉభయపక్షాలకూ అలవాటైనది. నిజానికి ఇందులో తీర్పు లేదు. ఉన్నది ఒక ప్రశ్న. శాస్త్రజ్ఞుడు కల్పించు నమూనా లోకం ఉన్న తీరును వర్ణించుచున్నదా, లేక ప్రయోగంలో రాబోవు ఫలితాన్ని ముందుగా చెప్పి అంతటితో ఊరకుండునా? ఈ ప్రశ్న భౌతికశాస్త్రానికి ఎంత ముఖ్యమో, వాస్తవికత అను మాటను నిత్యం వాడుకొను సాహిత్యానికీ అంత ముఖ్యం.

ముందుగా విచారింపవలసినది పాఠం. ఐన్‌స్టీన్ జర్మను భాషలోను, రవీంద్రులు ఆంగ్లంలోను మాటాడినారు. మధ్య అనువాదం నడచినది. ఐన్‌స్టీన్ కుటుంబానికి బంధువైన ద్మిత్రీ మారియానోఫ్ సిద్ధపరచిన వృత్తాంతం 1930 ఆగస్టు 10న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వెలువడినది. 1931లో కలకత్తా మోడరన్ రివ్యూ పత్రిక వేరొక పాఠాన్ని ప్రకటించినది. రవీంద్రులు ఆక్స్‌ఫర్డులో ఇచ్చిన హిబ్బర్ట్ ఉపన్యాసాలు ‘ది రిలిజియన్ ఆఫ్ మాన్’ అను పేరుతో అదే సంవత్సరం గ్రంథరూపం దాల్చినప్పుడు ఈ సంవాదం దానికి అనుబంధంగా చేరినది. ఈ పాఠాలు అన్నిచోట్ల ఏకీభవించవు. పైగా ఐన్‌స్టీన్ అదే సంవత్సరం రొమే రొలాకు వ్రాసిన లేఖలో, భాషల మధ్య ఏర్పడిన అంతరాయం వలన ఆ సంభాషణ సఫలం కాలేదనియు, దానిని ప్రచురింపకుండ ఉండవలసినదనియు అభిప్రాయపడినారు. కనుక ఏదో ఒక వాక్యాన్ని పట్టుకొని ఇద్దరిలో ఎవరినైనను ఓడించుట న్యాయం కాదు. నమ్మదగినది వాక్యం కాదు, వాదగతి.

ఆ వాదగతి స్పష్టంగానే ఉన్నది. విశ్వం మానవునితో కూడిన ఏకత్వమని రవీంద్రుల పక్షం. మానవ ప్రమేయం లేని సత్యం ఉన్నదని ఐన్‌స్టీన్ పక్షం. మనుష్యులే లేకపోయినచో బెల్వెడేర్ అపోలో శిల్పం సుందరం కాకపోవునా అని ఐన్‌స్టీన్ ప్రశ్నించగా, కాదని రవీంద్రులు బదులిచ్చినారు. సౌందర్యం విషయంలో శాస్త్రజ్ఞుడు వెంటనే అంగీకరించినారు. సత్యం విషయంలో అంగీకరింపలేదు. పైథాగొరస్ సిద్ధాంతం మనిషి ఉన్నను లేకున్నను సత్యమే అని ఆయన నమ్మకం. అయితే ఆ నమ్మకాన్ని నిరూపింపలేననియు, అది తన మతమనియు ఒప్పుకొన్నారు. ఇంటిలో ఎవరూ లేని వేళ బల్ల ఉన్నచోటనే ఉండునని ఆయన ఉదాహరణ. వ్యక్తి మనస్సుకు వెలుపల ఉండునేగాని విశ్వమానవ మనస్సుకు వెలుపల ఉండదని కవి సమాధానం. చివరకు రవీంద్రులు కాగితం తిను చిమ్మటను తెచ్చినారు. కాగితం వేరు, సాహిత్యం వేరు. చిమ్మటకు సాహిత్యం లేనే లేదు. మనిషికి కాగితం కంటె సాహిత్యమే ఎక్కువ సత్యం.

సంవాదంలో అందరికీ గుర్తుండునది ఈ చిమ్మట. కాని విమర్శకు ఎక్కువ పనికివచ్చునది బల్ల. బల్ల గట్టిపదార్థంగా కనబడుట కేవలం ఆభాస అని శాస్త్రం నిరూపించినదని రవీంద్రులు అన్నారు. పరిభ్రమించు విద్యుచ్ఛక్తి కేంద్రాల సమూహమే బల్ల అను జ్ఞానం కూడ మానవ మనస్సుకు చెందినదేనని ఆ వెంటనే చేర్చినారు. ఈ రెండు మాటలు పక్కపక్కన ఉన్నను ఒకదానినొకటి భరింపజాలవు. బల్లయు, పరమాణువుయు సమానంగా మనస్సుకు చెందినవైనచో, ఒకటి ఆభాస, రెండవది దాని గుట్టు బయటపెట్టినది అని ఎట్లు చెప్పవచ్చును? బల్లను ఆభాస అనవలెనన్నచో పరమాణువునకు బల్లకంటె ఎక్కువ ప్రామాణ్యం ఇచ్చితీరవలెను. కవి ఆ ప్రామాణ్యాన్ని భౌతికశాస్త్రం వద్ద అప్పు తెచ్చుకొని, పని జరిగిన పిమ్మట అప్పు లేదన్నారు.

ఐన్‌స్టీన్ వాదంలోను ఇటువంటి లోపమే ఉన్నది. తన నమ్మకం మతమని ఊరకున్నారు. పరమాణువులు ఉన్నవా, లెక్కల సౌకర్యానికి కల్పించినవా అను వివాదంలో 1905లో నిర్ణాయకమైన వ్యాసం వ్రాసినది ఆయనే. తన చేతిలోని బలమైన సాక్ష్యాన్ని ఆయన కాపుత్‌లో బయటకు తీయలేదు. ఇద్దరూ మనస్సును గురించి, విశ్వాన్ని గురించి మాటాడినారు. రెంటికి నడుమ శాస్త్రజ్ఞుడు నిర్మించు వస్తువును, అనగా సిద్ధాంతాన్ని, నమూనాను పరీక్షింపలేదు. సంవాదం ముందుకు సాగకపోవుటకు కారణం భాషలు రెండగుట మాత్రమే కాదు.

నమూనాను పరీక్షించుటకు ఆలంకారికుల పరికరాలే చాలినంత ఉపకరించును. ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సాధారణధర్మం, ఉపమావాచకం. ముఖం చంద్రుని వలె ఉన్నదనినప్పుడు చంద్రుని మచ్చను, క్షయవృద్ధులను ముఖంలో వెదకుట రసజ్ఞత కాదు. రెంటికి సమానమైన ధర్మం ఏదో అదే ప్రమాణం. భౌతికశాస్త్రపు నమూనా కూడ ఇట్టిదే. 1913లో నీల్స్ బోర్ పరమాణువును సూర్యుని చుట్టును గ్రహాలు తిరుగునట్లు ఊహించి లెక్కించినప్పుడు ఉదజని వెలిగించు రంగురేఖలు సరిగా కుదిరినవి. ఎలక్ట్రాను గ్రహమై తిరుగుచున్నదని అంతమాత్రాన సిద్ధింపలేదు. పది పదునైదేండ్లలో ఆ చిత్రాన్ని శాస్త్రజ్ఞులే విడిచిపెట్టినారు. శక్తి మెట్లుమెట్లుగా ఉన్నదన్న అంశం మాత్రం నిలిచినది. శాస్త్రతత్త్వవేత్తల వివాదమంతా ఈ ‘వలె’ అను ఉపమావాచకం చుట్టును తిరుగును. దానిని ఎప్పుడు ఉంచవలెను, ఎప్పుడు తీసివేయవచ్చును అనునదే సమస్య.

ఇతరుల గ్రంథంలో ‘వలె’ను చొప్పించినవారు కూడ ఉన్నారు. 1543లో కోపర్నికస్ గ్రంథం నూరెంబర్గులో అచ్చయినప్పుడు ముద్రణను పర్యవేక్షించిన ఆండ్రియాస్ ఓసియాండర్ అను మతాచార్యుడు దానికి సంతకం లేని పీఠికను తగిలించినాడు. ఇందులోని ఊహలు నిజం కానక్కరలేదు, నిజమునకు దగ్గరకూడ కానక్కరలేదు, గ్రహస్థితులకు సరిపడు గణితాన్ని ఇచ్చిన చాలును అని దాని సారాంశం. భూమి కదలుచున్నదని నమ్మి వ్రాసిన గ్రంథకర్త ఆ సంవత్సరమే మరణించినాడు. ఆ పీఠిక ఎవరిదో కెప్లర్ 1609లో ముద్రిత గ్రంథంలో బయటపెట్టువరకు చాలమంది పాఠకులు దానిని కోపర్నికస్ మాటగానే చదివినారు. భారతదేశంలో ఆర్యభటునకును ఇటువంటి గతి పట్టినది. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన, పడవలో పోవువానికి ఒడ్డున ఉన్నవి వెనుకకు పోవుచున్నట్లు తోచు దృష్టాంతంతో భూభ్రమణాన్ని చెప్పినాడు. 628లో బ్రహ్మగుప్తుడు దానిని ఖండించినాడు. అనంతర వ్యాఖ్యాతలలో పలువురు ఆ మాటకు వేరు అర్థం కల్పించి గురువును రక్షింపజూచినారు. భూమి తిరిగినను, నక్షత్రగోళం తిరిగినను పంచాంగ గణనానికి భేదం లేకపోవుట వారికి అనుకూలించినది. ఒకచోట పీఠికాకర్త, వేరొకచోట వ్యాఖ్యాత చేసిన పని ఒక్కటే. వర్ణనను గణితసాధనంగా తగ్గించి అపాయం లేకుండ చేసినారు.

నమూనా కేవలం సాధనమను వాదం అంతమాత్రాన అసత్యం కాదు. ఆ వాదానికి బలమున్నది. ఫలితం సరిగా వచ్చుట వేరు, కారణం సరిగా తెలియుట వేరు. గ్రహణకాలాన్ని సరిగా గణించిన పంచాంగకర్త రాహువును నమ్మవచ్చును, భూచ్ఛాయను నమ్మవచ్చును. ఇక ‘వలె’ను తీసివేయుటకు అర్హత ఎట్లు లభించును? దీనికి సమాధానం చిమ్మటలోనే ఉన్నది. రవీంద్రులు దానిని తెచ్చిన చోట కాదు, అది తిన్న చోట.

తెలుగు ప్రాచీన గ్రంథాల పరిష్కర్తలకు పురుగు కేవలం దృష్టాంతం కాదు, నిత్యానుభవం. తాళపత్రంలో పురుగు తొలిచిన రంధ్రం వద్ద మూడు నాలుగు అక్షరాలు పోవును. పద్యం ఉత్పలమాల అయినచో ఏ స్థానంలో గురువు, ఏ స్థానంలో లఘువు ఉండవలెనో గణాలు చెప్పును. పాదంలో రెండవ అక్షరం పోయినచో దాని హల్లును ప్రాస చెప్పును. పదవ అక్షరం పోయినచో యతి కొంత చెప్పును. వీటికి సరిపడునట్లు, సందర్భానికి తగినట్లు పరిష్కర్త ఒక మాటను ఊహించి పూరించును. ఆ పూరణ కవి వ్రాసినదేనా? ఛందస్సు కుదిరినంత మాత్రాన చెప్పలేము. నేర్పరి అయినవాడు అదే రంధ్రాన్ని నాలుగు విధాల పూరింపగలడు, నాలుగూ ఛందస్సుకు సరిపోవును. ఇంతవరకు ఓసియాండర్ చెప్పినదే సరి. కాని ఒకనాడు వేరొక గ్రామంలో, వేరొక లేఖకుని చేతివ్రాతలో అదే కావ్యానికి మరొక ప్రతి దొరకును. ఆ ప్రతిలో ఆ చోట పురుగు తినలేదు. అక్కడ పరిష్కర్త ఊహించిన మాటయే కనబడినచో, అది అతని కల్పన అని ఇక అనుటకు వీలులేదు. వేరు మాట కనబడినచో అతని పాండిత్యం ఎంతటిదైనను పూరణను కొట్టివేయవలసినదే.

భౌతికశాస్త్ర చరిత్రలో ఈ రెండును ఒకే వ్యక్తికి జరిగినవి. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవకపోగా, ఫ్రెంచి గణితజ్ఞుడు లెవెరియే కంటికి కనబడని వేరొక గ్రహాన్ని ఊహించి, అది ఉండవలసిన స్థానాన్ని గణించినాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్ వేధశాలలో గాలే దూరదర్శినిని అటు తిప్పగా, చెప్పిన చోటికి ఒక్క అంశ లోపలనే నెప్ట్యూన్ కనబడినది. బుధగ్రహం నడకలో కూడ చిన్న వ్యత్యాసం ఉన్నది. అందుకు 1859లో ఆయనే సూర్యునికి సమీపాన మరొక గ్రహం ఉండవలెనని ఊహించినాడు. దానికి వల్కన్ అను పేరు కూడ వచ్చినది. పద్ధతి ఒకటే, గణితం ఒకటే, గణకుడు ఒకడే. వల్కన్ మాత్రం లేదు. బుధుని కక్ష్యలో నూరేండ్లకు మిగిలిన 43 వికలల వ్యత్యాసాన్ని 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వసిద్ధాంతం ఏ కొత్త గ్రహమూ లేకుండ వివరించినది. రెండు ఊహలూ ఛందస్సుకు సరిపోయినవే. ఒకదానికి రెండవ ప్రతి దొరకినది, రెండవదానికి దొరకలేదు. ఈ తీర్పు గణకుని మనస్సు ఇచ్చినది కాదు. అతని మనస్సు రెంటినీ సమానంగానే కోరినది.

ప్రతులు అనేకమైనకొలది ప్రామాణ్యం పెరుగును. పరమాణువు విషయంలో జరిగినది ఇది. పందొమ్మిదవ శతాబ్ది చివర ఎర్నెస్ట్ మాఖ్, విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ వంటి మహావిద్వాంసులు పరమాణువును గణనసౌకర్యంగానే చూచినారు. ఐన్‌స్టీన్ 1905లో, నీటిలో తేలు సూక్ష్మకణాల చాంచల్యం నుండి అణువుల సంఖ్యను లెక్కించు మార్గం చూపినాడు. జాఁ పెరాఁ 1908 నుండి ఆ ప్రయోగాలు నిర్వహించినాడు. అంతటితో ఆగక, ఆకాశపు నీలిరంగు, వేడిమి వెదజల్లు కాంతి, రేడియోధార్మికత, విద్యుదావేశం మొదలైన పరస్పర సంబంధం లేని పదికి పైగా మార్గాలలో అదే సంఖ్య రాబట్టవచ్చునని చూపినాడు. అన్నీ దాదాపుగా ఒకే విలువనిచ్చినవి. ఒకరినొకరు ఎరుగని పది మంది లేఖకులు, పది ఊళ్ళలో, ఒకే పాఠాన్ని కల్పించుకొన్నారనుట అసాధ్యం. 1909లో ఓస్ట్‌వాల్డ్ తన అభిప్రాయాన్ని మార్చుకొని పరమాణువును అంగీకరించినాడు. కాపుత్‌లో బల్ల విషయం వచ్చినప్పుడు ఐన్‌స్టీన్ చెప్పదగిన సమాధానం ఇది.

అయితే గెలిచిన సిద్ధాంతంలో అంతా సత్యమని నమ్ముట కూడ పొరపాటు. 1818లో ఫ్రెనెల్ కాంతి తరంగమని పారిస్ విద్వత్పరిషత్తుకు వ్యాసం సమర్పించినప్పుడు, దానిని కొట్టివేయదలచిన ప్వాసాఁ ఒక విపరీతాన్ని చూపినాడు. ఆ లెక్క నిజమైనచో, గుండ్రని అడ్డుబిళ్ళ నీడకు సరిగా నడిమధ్య వెలుగుచుక్క కనబడవలెనన్నాడు. అరగో ప్రయోగం చేయగా ఆ చుక్క కనబడినది. ప్రతిపక్షి ఎగతాళికి చెప్పినది సాక్ష్యమైనది. కాని ఫ్రెనెల్ ఆ తరంగాలను మోయుటకు ఈథరు అను సర్వవ్యాపక పదార్థాన్ని ఊహించినాడు. 1887లో మైకల్సన్, మార్లీల ప్రయోగం దాని జాడను పట్టలేకపోయినది. 1905లో ఐన్‌స్టీన్ దాని అవసరమే లేదన్నారు. ఈథరు పోయినది. వెలుగు గాజుపై పడినప్పుడు ఎంత తిరిగివచ్చును, ఎంత లోపలికి పోవును అని ఫ్రెనెల్ వ్రాసిన సమీకరణాలు మాత్రం నేటికీ కళ్ళజోళ్ళ అద్దాలు మొదలు కెమెరా కటకాల వరకు పనిచేయుచున్నవి. ఉపమానం రాలిపోయినది, సాధారణధర్మం నిలిచినది. లోకాన్ని గూర్చి సిద్ధాంతం పట్టుకొన్న సత్యం చాల సందర్భాలలో వస్తువుల చిత్రంలో కాక, వాటి మధ్య సంబంధంలో ఉండుననుటకు ఇది మంచి ఉదాహరణ.

ఇందుకు భారతీయోదాహరణ కూడ కలదు. 1924లో ఢాకాలో అధ్యాపకుడైన సత్యేంద్రనాథ బోసు కాంతికణాలను లెక్కించుటకు ఒక కొత్త పద్ధతిని వ్రాసి ఐన్‌స్టీనుకు పంపినారు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మనులోకి అనువదించి ప్రచురింపజేసినారు. పద్ధతి సులభంగా చెప్పవచ్చును. రెండు గింజలను రెండు పెట్టెలలో ఉంచుటకు నాలుగు విధాలున్నవి. గింజలకు పరస్పరం ఏ భేదమూ లేదన్నచో మూడే విధాలు. బోసు మూడు అని లెక్కించినారు. ఇది పైకి లెక్కపెట్టు యుక్తి మాత్రమే. కాని దానిని పరమాణువులకు అన్వయించిన ఐన్‌స్టీన్, మిక్కిలి చల్లబరచిన వాయువులో కణాలు తమ విడివిడితనం కోల్పోయి ఒకే స్థితిలోకి చేరవలెనని 1925 నాటికి చెప్పినారు. 1995లో అమెరికాలో రుబీడియం పరమాణువులు సుమారు రెండు వేలు అట్లే చేరినవి. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమానం వచ్చినది. కణాలకు భేదం లేదనుట గణకుని సౌకర్యం కాదు, కణాల స్వభావమే అని డెబ్బది ఏండ్లకు తేలినది. కాపుత్ సంవాదం జరుగునప్పటికి ఈ లెక్క పుట్టి ఆరేండ్లు. సంవాదంలో పాల్గొన్న ఇద్దరిలో ఒకరు దాని సహకర్త.

ఇన్ని జయాల నడుమ నేటికీ తీరని సందేహం క్వాంటం సిద్ధాంతానిది. ఎలక్ట్రాను అయస్కాంతత్వం విషయంలో దాని గణితం, కొలత పది అంకెలకు మించి ఏకీభవించుచున్నవి. అయినను ఆ గణితం దేనిని వర్ణించుచున్నదో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. కొలతకు ముందు కణం ఎట్లున్నదని అడుగుటే తగదని బోర్ సంప్రదాయం. 1952లో డేవిడ్ బోమ్, 1957లో హ్యూ ఎవరెట్ అదే గణితానికి వేరువేరు లోకాలను ప్రతిపాదించినారు. సూత్రపాఠం ఒకటే, భాష్యాలు అనేకం. తమ సూత్రాలకు అద్వైతులూ, విశిష్టాద్వైతులూ, ద్వైతులూ చెప్పిన భాష్యాలను ఎరిగిన దేశానికి ఈ స్థితి కొత్త కాదు.

అయితే ఈ అనిశ్చయాన్ని స్వేచ్ఛాపత్రంగా తీసుకొనుట తగదు. 1935లో ఐన్‌స్టీన్ ఇద్దరు సహచరులతో కలిసి ఈ సిద్ధాంతం అసంపూర్ణమని వాదించినారు. 1964లో జాన్ బెల్ ఆ వాదాన్ని ప్రయోగానికి లొంగు రూపానికి తెచ్చినాడు. దూరంగా విడిపోయిన రెండు కణాల ఫలితాలు ముందుగానే వాటిలో నిశ్చితమై ఉన్నవనియు, ఒకచోటి కొలత రెండవచోటిని తాకదనియు కలిపి నమ్మినచో, ఆ ఫలితాల పొందికకు ఒక హద్దు ఉండవలెను. 1972 నుండి జరిగిన ప్రయోగాలలో ఆ హద్దు దాటబడినది. క్లాసర్, ఆస్పె, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమానం వచ్చినది ఈ కృషికే. ఐన్‌స్టీన్ కోరిన రూపంలో వాస్తవం లేదని తేలినది. కాని రవీంద్రుల పక్షం నెగ్గినదని దీని అర్థం కాదు. ఫలితాలను నమోదు చేసినవి యంత్రాలు. వాటిని ఏ మనస్సూ కోరలేదు. లోకం తనకు కల్పించిన రెండు చక్కని ఊహలను కలిపి త్రోసిపుచ్చినది. త్రోసిపుచ్చగలిగినది ఏదో ఒకటి ఉన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యం దుర్లభం. క్వాంటం శాస్త్రం మాయావాదాన్ని రుజువు చేసినదని వ్రాయు రచయితలు ఈ త్రోసివేతను చూడరు. వారు భౌతికశాస్త్రం నుండి చిత్రాన్ని మాత్రం తెచ్చుకొని, ‘వలె’ను దారిలో విడిచివత్తురు.

తిరిగి చిమ్మట వద్దకు వచ్చినచో, అది రవీంద్రులు ఉద్దేశించిన దానికంటె ఎక్కువ చెప్పుచున్నది. చిమ్మటకు సాహిత్యం లేదు, నిజమే. కాని చిమ్మట కాగితాన్ని తిన్నచో పద్యం మనిషికి కూడ పోవును. సాహిత్యం విశ్వమానవ మనస్సులో మాత్రమే ఉండినచో, పురుగు తొలిచిన రంధ్రం దానిని తాకరాదు. తాకుచున్నది. ఎన్నో ప్రాచీన కావ్యాల పేర్లు మాత్రమే మిగిలి, కావ్యాలు లేకపోవుట ఇందుకు తార్కాణం. మనస్సుకు లోబడని కాగితం సాహిత్యానికి ఆధారమై ఉన్నది. అదే సమయంలో, కాగితాన్ని అణువణువునా తెలిసికొన్నవాడు పద్యాన్ని తెలిసికొన్నట్లు కాదనుటలో కవి మాట చెక్కుచెదరదు. ఐన్‌స్టీనుకు బల్ల కావలసినది, రవీంద్రులకు పద్యం కావలసినది. రెంటినీ ఒకే పుట మోయుచున్నది.

సంవాదంలో శాస్త్రజ్ఞుడు తేలికగా విడిచిపెట్టిన అంశం ఒకటి ఉన్నది. సౌందర్యం కేవలం మానవాధీనమని ఆయన ఒప్పుకొన్నారు. రచయితలు దీనిని మర్యాదగా తీసుకొనిరేగాని ఇందులో నష్టం ఉన్నది. సత్యం శాస్త్రానికి, అనుభూతి సాహిత్యానికి అని పంచుకొన్నచో, నవలాకారుడు ఒక గ్రామాన్ని గూర్చి వ్రాసినది తప్పు అని చెప్పుటకు ఆ గ్రామానికి అధికారం పోవును. సత్యమంతా మానవ కల్పితమే అన్నను అదే నష్టం. రెండు విధాలను కూడ రచయితకు లోకం బాకీ లేకుండ పోవును. నెప్ట్యూన్, వల్కన్‌ల వృత్తాంతం ఇందుకు భిన్నమైన మార్గం చూపును. ఊహ లేక గ్రహం దొరకదు. ఊహించినంత మాత్రాన గ్రహం ఉండదు. వాస్తవికతను గూర్చి తెలుగులో జరిగిన చర్చలు సాధారణంగా రచయిత లోకాన్ని అద్దంలో చూపుచున్నాడా, తన మనస్సును చూపుచున్నాడా అని ప్రశ్నించినవి. అడగవలసిన ప్రశ్న వేరు. రచయిత చెప్పిన దానిలో అతడు పెట్టనిది ఏదైనను వెలువడుచున్నదా? అతనిని ఎరుగని పాఠకుడు, తన బ్రతుకు అను వేరొక ప్రతిలో అదే పాఠాన్ని చూచుచున్నాడా? ఈ పరీక్షకు నిలిచిన రచన వర్ణనయే. నిలువనిది ఛందస్సు కుదిరిన పూరణ మాత్రమే.

రవీంద్రులు కాపుత్‌తో ఈ విచారాన్ని ముగింపలేదు. 1937లో ఆయన వంగభాషలో ‘విశ్వపరిచయ్’ అను విజ్ఞానగ్రంథం వ్రాసి, దానిని సత్యేంద్రనాథ బోసుకు అంకితమిచ్చినారు. పరమాణులోకంతో మొదలై, నక్షత్రలోకం, సౌరజగత్తు, గ్రహలోకం, భూలోకం అను క్రమంలో ఆ గ్రంథం సాగును. సత్యం మానవాధీనమని వాదించిన కవి, సామాన్య పాఠకునకు విశ్వాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు మానవునితో ప్రారంభింపక పరమాణువుతో ప్రారంభించినారు. సంవాదంలోని కవి కంటె ఈ గ్రంథకర్త, చెప్పు విషయానికి ఎక్కువ లొంగినవాడు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి నాటినుండి ప్రకృతిశాస్త్రాలను తమ భాషలో చెప్పుటకు పాటుపడిన తెలుగు రచయితలకు ఈ రవీంద్రుడే ఎక్కువ ఆప్తుడు.

కాపుత్ సంవాదాన్ని తెలుగు చేయబూనువారు న్యూయార్క్, కలకత్తా, గ్రంథానుబంధ పాఠాలు మూడింటినీ పక్కపక్కన ఉంచి, భేదాలు చూపి, విశ్వపరిచయంలోని పరమాణులోకాన్ని దాని వెంట చేర్చుట మేలు. అప్పుడు పాఠకునకు ఇద్దరు మహాపురుషుల సూక్తులు కాక, ఒక తీరని ప్రశ్నయు, దానిని తీర్చుకొనుటకు శాస్త్రం నడచిన త్రోవయు కనబడును. శాస్త్రం నుండి ఉపమానాలు తెచ్చుకొను కవులకు, కథకులకు కూడ అది ఉపకరించును. ‘వలె’ను ఎక్కడ ఉంచవలెనో, ఎక్కడ ధైర్యంగా తీసివేయవచ్చునో ఆ త్రోవలోని మజిలీలే వారికి చూపగలవు.